పిలవని పేరంటం: అండమాన్ అడవుల్లోకి వెళ్ళినవారి కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. పే రివిజన్ల చరిత్ర అయితే వెంటనే రాసిస్తానన్నాను. అది అందరం అనుభవిస్తున్న చరిత్రే కదా, మరేదైనా రాయండి అన్నారు. అందుచేత, రిటైరయిన తరువాత దొరికిన తీరికలో శ్రద్ధగా చదివి, కొంత కళ్ళారా చూసిన విషయం ఒకటి సభ్యుల ముందు పెడుతున్నాను.

మనలో చాలామంది అండమాన్ చూసి వచ్చినవారే. సెల్యులర్ జైలు గురించి, కాలాపానీ గురించి మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. మన రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరకు పడిన శిక్ష కూడా ద్వీపాంతరవాసమే. ఆయన ఆ శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభ సభ్యుడయ్యారు. అయితే ఆ జైలు గోడలు లేవకముందే అక్కడ అడవి ఉంది, అడవిలో మనుషులున్నారు. నేను రాయబోయేది వాళ్ళ గురించి కూడా కాదు. వాళ్ళ గురించి రాయడానికి మనకు తెలిసింది బహు తక్కువ. వాళ్ళను చూడటానికి వెళ్ళినవాళ్ళ గురించి రాస్తాను. వెళ్ళినవాళ్ళు కాగితాలు వదిలి వెళ్ళారు గనుక ఆ చరిత్ర దొరుకుతుంది.

అండమాన్ అడవి మన నల్లమల వంటిది కాదు, నేను ఆరేళ్ళు పనిచేసిన రంపచోడవరం ఏజెన్సీ అడవి వంటిదీ కాదు. మన అడవి ఎండాకాలం ఆకు రాలుస్తుంది, లోపలికి వెలుగు వస్తుంది. అక్కడ మే నెలలో మొదలైన వాన డిసెంబరు దాకా పడుతూనే ఉంటుంది. గర్జన చెట్లు, పడౌకు చెట్లు తాటిచెట్టును మించిన ఎత్తున నిలువుగా లేచి పైన కప్పు వేసినట్లు ఉంటాయి. ఒడ్డున మడ అడవి, లోపల జలగలు. అటువంటి చోట వేల ఏళ్ళుగా వేట, చేపలు, తేనె, దుంపల మీద బతికినవాళ్ళు నాలుగు తెగల జనం. గ్రేట్ అండమానీలు, ఓంగేలు, జారవాలు, సెంటినలీలు అని మనం రాసుకున్నాం. ఈ పేర్లలో కొన్ని బయటివాళ్ళు పెట్టినవే. జారవా అన్న మాట పొరుగు తెగవారు 'పరాయివాళ్ళు' అనే అర్థంలో వాడిన మాట. వాళ్ళు తమను 'అంగ్' అని చెప్పుకుంటారు. సెంటినలీలు తమను ఏమని చెప్పుకుంటారో అడిగి తెలుసుకున్నవాడు ఇంతవరకు లేడు.

1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే అధికారి రెండు వందల మంది ఖైదీలను దింపి పోర్టు బ్లెయిరులో శిక్షా స్థావరం మొదలుపెట్టాడు. ఖైదీలలో ఎక్కువమంది ముందటి సంవత్సరపు తిరుగుబాటువారు. వాళ్ళ చేత అడవి నరికించడం మొదలయింది. అడవి ఎవరిదో వాళ్ళు ఊరుకోలేదు. 1859 మే నెలలో బాణాలు, బల్లేలతో స్థావరం మీద పడ్డారు. దానినే అబర్డీన్ యుద్ధం అంటారు. విచిత్రమేమిటంటే, ఆ దాడి సంగతి ముందుగా చేరవేసినవాడు దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ. అతడు అంతకు ఏడాది ముందు పారిపోయి అడవిలో చిక్కుకుంటే, అండమానీలు చంపకుండా తమలో ఉంచుకొని పిల్లనిచ్చి పెళ్ళి కూడా చేశారు. అతడు వచ్చి తెల్లవాళ్ళకు చెప్పేశాడు, క్షమాభిక్ష పొంది ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ అడవిలోకి వెళ్ళి మర్యాద పొందిన మొదటి మనవాడి కథ ఇది. అక్కడ మిగిలిపోయిన భార్య సంగతి రికార్డులో రెండు ముక్కలకు మించి లేదు.

యుద్ధం తరువాత దయ మొదలయింది. చరిత్రలో నాకు యుద్ధం కంటే భయం కలిగించిన భాగం ఇదే. 1863లో కార్బిన్ అనే క్రైస్తవ మతాచార్యుడి ఆధ్వర్యంలో రాస్ దీవిలో 'అండమాన్ హోమ్' తెరిచారు. అడవివాళ్ళను తెచ్చి తిండి, బట్ట, పొగాకు ఇచ్చి నాగరికత నేర్పడం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే అనుకున్నారు. కాని బట్ట తడిసి ఒంటిమీద ఆరడం, ఒక గదిలో గుంపుగా పడుకోవడం, వచ్చేపోయే నావికులు, ఖైదీల సావాసం, వీటన్నిటితో రోగాలు అంటుకున్నాయి. సుఖవ్యాధి పాకింది. 1877లో తట్టు వచ్చింది. మన ఇళ్ళలో తట్టు వస్తే వేపాకు కట్టి పది రోజులు జాగ్రత్తగా ఉంటాం. తరతరాలుగా ఆ జబ్బు ఎరగని ఒంటికి అది ఊళ్ళు తుడిచిపెట్టే జబ్బు. ఆ హోముల్లో పుట్టిన నూట యాభై మంది పిల్లలలో ఒక్కరు కూడా రెండేళ్ళు దాటి బతకలేదని రికార్డయింది. ఇలా రాసినవాళ్ళు శత్రువులు కారు, ఆ హోములు నడిపిన ప్రభుత్వం మనుషులే.

నేను 1981 జనాభా లెక్కలప్పుడు తాలూకా ఆఫీసులో ఛార్జి రిజిస్టర్లు కట్టినవాణ్ణి. అంకెల గడులు చూస్తే వాటి వెనక ఇళ్ళు కనిపించే అలవాటు నాకు అప్పటినుంచి ఉంది. గ్రేట్ అండమానీల గడి చూడండి. స్థావరం పెట్టిననాటికి వేలల్లో ఉన్నారని అంచనా. 1901లో 625. 1921లో 209. 1931లో 90. 1961లో 19. యుద్ధంలో ఇంతమంది పోలేదు. తరువాత మిగిలినవారిని స్ట్రెయిట్ దీవిలో ఇళ్ళు కట్టి ఉంచారు. 2010 జనవరిలో బోవా అనే వృద్ధురాలు పోయింది. ఆమెతోపాటు 'బో' అనే భాష పోయింది. చివరి సంవత్సరాల్లో ఆ భాషలో మాట్లాడటానికి ఆమెకు తోడు లేక, చుట్టూ ఉన్నవాళ్ళతో మాట్లాడటం కోసం హిందీ నేర్చుకోవలసి వచ్చింది. అన్వితా అబ్బి అనే భాషా శాస్త్రజ్ఞురాలు ఆమె దగ్గర కూర్చొని ఆ మాటలు రికార్డు చేశారు కాబట్టి ఆ పాటి దక్కింది.

హోముల వ్యవహారం చూసిన అధికారులలో పోర్ట్‌మన్ అనే ఆయన ముఖ్యుడు. 1879లో చిన్న వయసులోనే అండమానీల వ్యవహారాల అధికారిగా వచ్చి ఇరవై ఏళ్ళ దాకా చేశాడు. ఈయన 1880లో బలగంతో ఉత్తర సెంటినల్ దీవికి వెళ్ళాడు. దీవివాళ్ళు అడవిలోకి జరిగిపోయారు. రోజుల తరబడి వెతికితే చివరకు పారిపోలేని ఒక ముసలి దంపతులు, నలుగురు పిల్లలు దొరికారు. ఆరుగురినీ పోర్టు బ్లెయిరు తీసుకుపోయారు. అక్కడ అందరూ జబ్బుపడ్డారు. ముసలివాళ్ళిద్దరూ చనిపోయారు. పిల్లలను బోలెడు కానుకలిచ్చి దీవిలో దిగవిడిచి వచ్చారు.

ఆ పిల్లలు ఒంట్లో ఏ జబ్బు మోసుకొని ఇంటికి చేరారో, ముసలివాళ్ళేరని తల్లులు అడిగితే ఏమి చెప్పారో, మనం ఊహించుకోవలసిందే. ఈ యాత్ర వల్ల వాళ్ళలో భయమూ వైరమూ పెరగడం తప్ప వేరే ఫలితం లేదని పోర్ట్‌మనే తరువాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. 1899లో అచ్చయిన పుస్తకం అది. సెంటినలీలు కారణం లేకుండా క్రూరులని ఈనాటికీ పత్రికల్లో రాసేవాళ్ళు ఆ పుస్తకం ఒకసారి తిరగేస్తే బాగుండును.

జారవాల కథ వేరు. వాళ్ళు హోములకు రాలేదు, పొగాకు అడగలేదు. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా విల్లు దించలేదు. బ్రిటిషువాళ్ళు తుపాకులతో వేటాడారు. జపానువాళ్ళు 1942 నుంచి 1945 వరకు దీవులను ఏలి, అడవి మీద బాంబులు కూడా వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు బెంగాల్ కాందిశీకులకు అడవి కొట్టి పొలాలిచ్చారు. ఆ కాందిశీకులు మాత్రం ఎక్కడికి పోతారు! సర్వం పోగొట్టుకొని వచ్చినవాళ్ళను, ఉన్నది కాపాడుకుంటున్నవాళ్ళ పక్కన దింపితే తగాదా రాక మానుతుందా?

1956లో రాష్ట్రపతి ఒక రెగ్యులేషన్ జారీ చేశారు. ఆదిమ తెగల రక్షణకు కొన్ని ప్రాంతాలను రిజర్వుగా ప్రకటించి, అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టరాదన్నారు. మన ఏజెన్సీలో పనిచేసినవారికి 1/70 చట్టం సంగతి తెలుసు. కాగితం మీద అది ఎంత గట్టిదో, కాగితం కింద ఏమి జరిగేదో కూడా తెలుసు. అక్కడా అంతే అని చెప్పను. ఆ రెగ్యులేషనే లేకపోతే ఈనాడు ఈ వ్యాసం రాయడానికి జారవాలు ఉండేవారు కారు. కాని ఒక చేత్తో రిజర్వు ప్రకటించిన ప్రభుత్వమే రెండో చేత్తో ఆ రిజర్వు గుండా ట్రంకు రోడ్డు వేసింది. 1970 ప్రాంతంలో పని మొదలుపెడితే జారవాలు కూలీల మీద బాణాలు వేశారు. పోలీసు కాపలా పెట్టి మరీ రోడ్డు పూర్తి చేశారు.

ఆ రోజుల్లోనే కానుకల యాత్రలు సాగాయి. త్రిలోకీనాథ్ పండిట్ అనే మానవశాస్త్రజ్ఞుడు, కొందరు పోలీసు అధికారులు, డాక్టర్లు పడవలో వెళ్ళి కొబ్బరికాయలు, అరటి గెలలు, ఎర్రగుడ్డ, ఇనుప ముక్కలు ఒడ్డున పెట్టి వెనక్కు వచ్చేవారు. అండమాన్ అడవిలో కొబ్బరి సహజంగా లేదు. సముద్రంలో కొట్టుకొచ్చిన కాయ దొరికితే అదే పండగ. ఇన్నేళ్ళూ ఇలా పెట్టగా పెట్టగా, 1974 ఫిబ్రవరిలో జారవాలు మొదటిసారి చేతుల్లో ఆయుధాలు లేకుండా ఎదురువచ్చి కానుకలు పుచ్చుకున్నారు. అప్పటి పత్రికలు గొప్ప విజయమన్నాయి. ఎవరి విజయమో ఎవరూ అడగలేదు. శుభకార్యానికి మనం కొడతాం కొబ్బరికాయ. ఇక్కడా అదే కాయ.

సెంటినల్ దీవికీ ఇలాగే 1967 నుంచి అప్పుడప్పుడు వెళ్ళారు. 1974లో డాక్యుమెంటరీ తీయడానికి వెళ్ళినవారిలో ఒకరికి తొడలో బాణం దిగింది. 1991 జనవరి 4న మాత్రం మరొక విధంగా జరిగింది. ఆ యాత్రలో మధుమాల ఛటోపాధ్యాయ అనే యువతి ఉన్నారు. ఆంత్రొపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పరిశోధకురాలు. ప్రాణం పోయినా, దెబ్బ తగిలినా ప్రభుత్వాన్ని పరిహారం అడగబోమని ఆమె, ఆమె తల్లిదండ్రులు కూడా అండర్‌టేకింగ్ రాసి ఇచ్చారట. ఇటువంటి కాగితాలు నేనూ సర్వీసులో ఎన్నో ఫైలు చేశాను గాని, ఆడపిల్ల తల్లి చేత ఇటువంటిది రాయించుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

పడవ ఒడ్డుకు కొంత దూరంలో ఆగింది. వీళ్ళు కొబ్బరికాయలను ఒక్కొక్కటే నీళ్ళలో తేలవేశారు. ఒడ్డున విల్లంబులతో నిలబడ్డవాళ్ళు కొంతసేపు చూసి, నీళ్ళలోకి దిగి కాయలు ఏరుకోవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళూ పిల్లలూ ఒడ్డునే ఉండిపోయారు. గంటల తరబడి అలా సాగింది. కాయలు అయిపోతే ఓడకు వెళ్ళి మళ్ళీ తెచ్చారు. ఒక సమయంలో ఒడ్డున ఉన్న యువకుడు మధుమాల వైపు బాణం ఎక్కుపెట్టాడు. అతడు వదిలే క్షణానికి పక్కనున్న స్త్రీ అతణ్ణి తోసింది. బాణం గురి తప్పి నీళ్ళలో పడింది. ఆ స్త్రీ ఎవరో, ఎందుకు అడ్డుపడిందో తెలియదు. అవతలిది కూడా ఆడమనిషే అని చూసిందేమో అని నేననుకుంటాను, నా శ్రీమతి కూడా అదే అంటుంది. తరువాతి నెలలో మళ్ళీ వెళ్ళినప్పుడు వాళ్ళు ఆయుధాలు లేకుండా వచ్చి, పడవ ఎక్కి కాయల బస్తాలు తామే తీసుకున్నారు.

ఇక్కడిదాకా వచ్చాక మన ఆఫీసుల్లో అయితే ఏమి చేస్తారు? రెగ్యులర్ ప్రోగ్రాం వేస్తారు, బడ్జెట్ హెడ్ తెరుస్తారు, టూర్ డైరీలు రాస్తారు. అక్కడ, ఆశ్చర్యంగా, కొన్నేళ్ళలోనే యాత్రలు ఆపేశారు. కానుకలు పుచ్చుకుంటున్నవాళ్ళకు అంటురోగం అంటితే దిక్కు లేదని గ్రహించారు. జీవితమంతా ఈ పనిలో గడిపిన పండిట్ గారే తరువాతి కాలంలో, సెంటినలీలను వాళ్ళ మానాన వాళ్ళను ఉండనివ్వాలని చెప్పారు. చెయ్యగలిగిన పనిని చెయ్యకుండా ఆపిన ప్రభుత్వ నిర్ణయాలు నా ఎరుకలో బహు తక్కువ. ఇది వాటిలో పెద్దది.

జారవాల విషయంలో ఆపడానికి సమయం మించిపోయింది. 1996లో కదంతలా దగ్గర కాలు విరిగిన జారవా కుర్రవాడు ఒకడు జనానికి దొరికాడు. పోర్టు బ్లెయిరు ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచి, నయం చేసి పంపారు. ఆ డాక్టర్లు, నర్సులు చేసింది మంచి పనే, అందులో సందేహం లేదు. 1997 అక్టోబరులో అతడు తనవాళ్ళను వెంటపెట్టుకొని పట్టపగలు ఊళ్ళోకి వచ్చాడు. విల్లు దించేశారు. 1999లో వాళ్ళకు తట్టు వచ్చింది. 1877 మళ్ళీ వచ్చిందే అనిపిస్తుంది చదివితే. అయితే ఈసారి వైద్యులు పరుగెత్తారు, ఆసుపత్రుల్లో చేర్చారు, తెగ నిలిచింది. 2002 మేలో సుప్రీంకోర్టు రిజర్వు గుండా పోయే రోడ్డును మూసివెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది. రోడ్డు మూయలేదు. ఉత్తర దీవులకు అదే దారి, అక్కడి ప్రజల ఆసుపత్రులు, పరీక్షలు, సరుకులు అన్నీ ఆ దారినే అని స్థానికులు అనేదాంట్లోనూ న్యాయం లేకపోలేదు.

ఆ రోడ్డు మీద నేను 2010 డిసెంబరులో ప్రయాణం చేశాను. రిటైరయిన మరుసటి ఏడాది మేము మూడు జంటలం విశాఖలో ఓడ ఎక్కి మూడో రోజుకు పోర్టు బ్లెయిరు చేరాం. ఆ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురం అని మార్చారు. తెలుగు వినిపించని వీధి లేదక్కడ. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు యాభై వేలు, ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళినవారి సంతానం. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు మమ్మల్ని తీసుకెళ్ళిన డ్రైవరు తాతగారిది ఇచ్ఛాపురం దగ్గర.

తెల్లవారుజామున జిర్కతాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ బారు తీరాయి. ఫారాలు నింపాం. ఆగరాదు, ఫొటో తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు అని బోర్డు. ముందొక పోలీసు బండి, వెనకొకటి, మధ్యన మేము. అక్కడి నుంచి సుమారు యాభై కిలోమీటర్లు ఆ అడవి గుండా పోవాలి. బయట వెలుగు వచ్చినా రోడ్డు మీద ఇంకా మునిమాపు లాగే ఉంది. బళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. సగం దూరం వెళ్ళాక రోడ్డు పక్కన ఒక స్త్రీ, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు కనిపించారు. ఆమె మా వైపు చూడలేదు. పిల్లవాడు చెయ్యి చాచి "ఖానా" అన్నాడు. మా ముందు బండి కిటికీలోంచి బిస్కట్ పొట్లం ఒకటి వచ్చి నీటి గుంటలో పడింది. అంతా కలిపి అర నిమిషం.

వెనక సీటులో కూర్చున్న మిత్రుడు కాస్త నెమ్మదిగా పోనివ్వమంటే డ్రైవరు ఒప్పుకోలేదు. "లైసెన్సు పోతాదండి. అయినా ఆళ్ళేటి బొమ్మలా మాస్టారూ, ఆగి చూడ్డానికి?" అన్నాడు. కాసేపాగి, "మా తాత కాలంలో ఈ అడివంటే దడ. ఇప్పుడు ఈ అడివికి మనమంటే దడ" అన్నాడు. రేవులో మరొక బృందంవారు తమ టూరు ఏజెంటుతో గట్టిగా తగాదా పడుతున్నారు. జారవాలను చూపిస్తానని డబ్బు పుచ్చుకున్నాడట, ఒక్కరైనా సరిగా కనిపించలేదట, అందులో సగం వెనక్కివ్వమంటున్నారు. ఆ ఏజెంటు, "తిరుగు ప్రయాణంలో కనిపిస్తారు సార్" అని బతిమాలుతున్నాడు.

పదమూడు నెలల తరువాత, 2012 జనవరిలో, ఆ రోడ్డు మీదనే తిండి ఆశ చూపి జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియోను బ్రిటన్ పత్రిక ఒకటి బయటపెట్టినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. ఆ ఉదయం జిర్కతాంగ్ బారులో ఉన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపడి ఉండరు.

సెంటినల్ దీవికి పిలవని పేరంటాలు ఆగినట్లే ఆగి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. 2004 సునామీ తరువాత వాళ్ళు బతికున్నారో లేదో చూడటానికి హెలికాప్టరు పంపితే, ఒకతను ఇసుకలోకి వచ్చి దాని మీదికే విల్లు ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో మనం పేపర్లలో చూశాం. బాగానే ఉన్నామని అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు! 2006లో ఒడ్డుకు కొట్టుకుపోయిన ఇద్దరు జాలర్లు హతులయ్యారు. పొట్టకూటికి పోయిన ఆ ఇద్దరినీ తలచుకుంటే బాధే. 2018 నవంబరులో మత ప్రచారానికి దొంగతనంగా వెళ్ళిన జాన్ అలెన్ చౌ అనే అమెరికా యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. మొన్న 2025 మార్చిలో మరొక అమెరికా దేశస్థుడు ఒంటరిగా పడవలో వెళ్ళి, ఒడ్డున ఒక కూల్‌డ్రింకు డబ్బా, ఒక కొబ్బరికాయ పెట్టి వచ్చి అరెస్టయ్యాడు. మళ్ళీ అదే కాయ.

2011 జనాభా లెక్కల్లో జారవాలు 380, ఓంగేలు 101, గ్రేట్ అండమానీలు 44. సెంటినలీల ఎదుట 15 అని ఉంది, మగవారు 12, ఆడవారు 3. ఎన్యూమరేటర్లు దీవిలో దిగలేదు. పడవలో దూరాన నిలబడి, ఒడ్డున కనిపించినవారిని లెక్కపెట్టుకొని వెనక్కు వచ్చేశారు.